ఎర్ర పెట్టెలో వచ్చిన డ్యాంపర్ పుల్లీ కిట్: ఆటోనగర్ లేతు ఎక్కితే గాని పనికి రాలేదు

ఇంజను ముందు భాగంలో క్రాంక్ షాఫ్టు (పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసు) కొసకు బిగించి ఉండే బరువైన పుల్లీని మన మెకానిక్కులు డ్యాంపర్ పుల్లీ అంటారు, ఇంకా క్లుప్తంగా క్రాంక్ పుల్లీ అంటారు. పుస్తకాల్లో దాని పేరు హార్మోనిక్ బ్యాలన్సర్. దీన్ని ఊడదీసి కొత్తదాన్ని ఎక్కించడానికి ఆన్‌లైన్‌లో దొరికే ఒక పనిముట్ల కిట్‌ను 3,650 రూపాయలకు కొని, విజయవాడ పటమటలో మా ఇంటి ముందు నిలిపిన పద్నాలుగేళ్ళ డీజిల్ జీపు మీద రెండు ఆదివారాలు వాడిన అనుభవమే ఈ సమీక్ష. కిట్ పేరు రాయడం లేదు, ఎందుకంటే అదే ఎర్ర ప్లాస్టిక్ పెట్టె, అందులో అవే ముక్కలు నాలుగైదు వేర్వేరు పేర్లతో అమ్మకానికి ఉన్నాయి. పేరు చూసి కొనేవారికి కూడా లోపల వచ్చేది ఇదే.

ముందు ఈ పని ఎందుకు పడిందో చెప్పాలి. ఏప్రిల్ నుంచి ఉదయం ఇంజను స్టార్ట్ చేయగానే బెల్టు కీచుమనేది. బెల్టు మార్పించాను, బిగువు సరిచేయించాను, ఆల్టర్నేటరు బేరింగు చూపించాను. కీచుమనడం మాత్రం తగ్గలేదు. చివరికి ఇంజను ఖాళీగా నడుస్తుండగా బానెట్ ఎత్తి చూస్తే పుల్లీ బయటి చక్రం కుమ్మరి సారె మీద కుదురుగా కూర్చోని కుండలాగా ఊగుతోంది. ఆపిన తర్వాత పుల్లీ నడిమి భాగం నుంచి రబ్బరు మీదుగా బయటి చక్రం అంచు దాకా తెల్ల పెయింటుతో ఒక సరళ రేఖ గీశాను. వారం తిరిగేసరికి ఆ రేఖ విరిగింది: లోపలి ముక్క ఒకచోట, బయటి ముక్క దానికి రెండు వేళ్ళ వెడల్పు పక్కన. అంటే రెంటినీ పట్టి ఉంచాల్సిన రబ్బరు వదిలేసింది, బయటి చక్రం తనంతట తాను జారుతోంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. రెండు ఇనుప చక్రాల మధ్య ఇరుక్కుని, రేడియేటరు వేడిగాలికి, ఆయిలు జిడ్డుకి పద్నాలుగేళ్ళు నానిన రబ్బరు పగలడంలో వింత లేదు. ఈ పరీక్షకు పెయింటు చుక్క తప్ప ఖర్చు లేదు కాబట్టి బెల్టు శబ్దంతో వేగుతున్నవారు ముందు ఇది చేసి చూడటం మంచిది. టైమింగ్ గుర్తు, అంటే ఇంధనం మండాల్సిన సమయాన్ని సరిచూసుకునే గీత, బయటి చక్రం మీద ఉండే బళ్ళలో మరో చిక్కు కూడా ఉంది: చక్రం జారితే గుర్తు కూడా జారుతుంది, ఆ గుర్తు చూసి టైమింగ్ పెట్టే మెకానిక్ ఎంత జాగ్రత్తపరుడైనా తప్పే పెడతాడు.

ఇది వట్టి బెల్టు తిప్పే చక్రమే అయితే కొంత ఊగినా సర్దుకుపోవచ్చు. కాని ఒక్కో సిలిండరులో ఇంధనం మండినప్పుడల్లా క్రాంక్ షాఫ్టు, తడి బట్టను పిండినట్టు, కొద్దిగా మెలి తిరిగి మళ్ళీ వెనక్కి వస్తుంది. ఈ మెలి కంటికి కనపడనంత చిన్నది, అయితే కొన్ని వేగాల దగ్గర అది షాఫ్టు సహజ కంపనంతో కలిసిపోయి ఉయ్యాలకు సరైన సమయంలో పడే తోపులాగా పెరుగుతూ పోతుంది. రబ్బరు మీద తేలుతున్న బయటి చక్రం తన బరువుతో ఆ కదలికకు వెనకబడుతూ కంపన శక్తిని రబ్బరులో వేడిగా మార్చి హరిస్తుంది. 20వ శతాబ్దం తొలి సంవత్సరాల్లో పొడవైన ఆరు సిలిండర్ల ఇంజన్లు వచ్చినప్పుడు క్రాంకులు విరగడం పెద్ద సమస్య అయింది. ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ వంటి ఇంజనీర్లు క్రాంకు డ్యాంపర్లను రూపొందించింది ఆ సమస్య కోసమే. నాలుగు సిలిండర్ల క్రాంకు పొట్టిది కాబట్టి అంత సులభంగా విరగదు, కాని డీజిలు మంటకు దెబ్బ గట్టిది. డ్యాంపరు పనిచేయని బండిని అలాగే నడపడం క్రాంకు ఓర్పును పరీక్షించడమే.

మా వీధి మెకానిక్‌కు ఈ సంగతి చెబితే ఆయన 1,500 రూపాయల కూలి అడిగి, విధానం కూడా చెప్పాడు: "చెక్క ముక్క అడ్డం పెట్టి నాలుగు దెబ్బలేస్తే అదే ఎక్కుద్ది సార్, దానికి కిట్టెందుకు?" ఆయన మంచి పనిమంతుడే, కాని ఈ ఒక్క విషయంలో ఆయనతో ఏకీభవించలేకపోయాను. సుత్తి దెబ్బ బయటి చక్రం మీద పడితే కొత్త రబ్బరు మొదటి రోజే చీలుతుంది. నడిమి భాగం మీద పడితే ఆ అదురు క్రాంకు వెంట లోపలికి పోయి, క్రాంకు ముందు వెనకలకు జరగకుండా ఆపే థ్రస్ట్ వాషర్లకు తగులుతుంది. ఇంకొందరు చేసే రెండో పద్ధతి ఇంతకంటే మోసకరమైనది: పుల్లీని కొసకు ఆనించి, దాని అసలు బోల్టుతోనే లోపలికి లాగడం. పుల్లీ ఇంకా బయటే ఉన్నప్పుడు ఆ బోల్టు క్రాంకు లోపలి మరలో మూడు నాలుగు చుట్లు మాత్రమే పట్టుకుని ఉంటుంది, మొత్తం లాగుడు బలమంతా ఆ నాలుగు చుట్ల మీదే పడుతుంది. అవి తెగితే పాడయ్యేది వంద రూపాయల బోల్టు కాదు, క్రాంక్ షాఫ్టు.

ఈ కిట్ చేసే పని ఈ రెండు తప్పులనూ తప్పించడం. ఊడదీయడానికి ఒక మందపాటి పలక, పుల్లీ నడిమి భాగంలోని మర రంధ్రాల్లో బిగించే బోల్టులు, మధ్యలో తోసే పెద్ద స్క్రూ ఉన్నాయి. ఎక్కించడానికి ఐదు పొడవైన రాడ్లు ఉన్నాయి; ఒక్కోదానికి ఒక కొసన వేర్వేరు కొలతల మర, రెండో కొసన అన్నిటికీ ఒకే లావు మర, దాని మీద నడిచే పెద్ద నట్టు, నట్టు కింద మందపాటి వాషరు, ఒక థ్రస్ట్ బేరింగు. రాడ్డును ముందుగా క్రాంకు లోపలికి చేతితో పూర్తిగా తిప్పి దింపితే మర మొత్తం పొడవునా పట్టు దొరుకుతుంది. ఆ తర్వాత రాడ్డు కదలదు, నట్టు మాత్రమే తిరుగుతూ పుల్లీని నిదానంగా లోపలికి నెడుతుంది. మధ్యలో బేరింగు ఉండటం వల్ల రాపిడి తగ్గి, స్పానరు మీద పెట్టే బలం వృథా కాదు. ఆలోచన చాలా చక్కనిది, దానితో నాకు పేచీ లేదు. పేచీ అంతా కొలతలతో.

అమ్మకం పేజీలో "16 మిల్లీమీటర్ల రాడ్డు ఉంది" అని రాసి ఉంది. మా జీపు క్రాంకు బోల్టు కూడా 16 మిల్లీమీటర్లదే కాబట్టి ధైర్యంగా కొన్నాను. రాడ్డును చేతితో తిప్పితే ఒకటిన్నర చుట్టు హాయిగా వెళ్ళి ఆగిపోయింది. మురికేమోనని క్రాంకు రంధ్రాన్ని కిరోసినుతో కడిగి, గాలి కొట్టి మళ్ళీ ప్రయత్నించాను. మళ్ళీ అక్కడే ఆగింది. నా పక్కన నిలబడిన బావమరిది "స్పానరు వేసి తిప్పుదామా బావా" అన్నాడు. ఆ మాట వినకపోవడమే ఈ మొత్తం వ్యవహారంలో నేను చేసిన తెలివైన పని. మర్నాడు రాడ్డునూ పాత బోల్టునూ పట్టుకుని జవహర్ ఆటోనగర్‌లో లేతు పని చేసే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. ఆయన రెంటినీ పక్కపక్కన పెట్టి పళ్ళలో పళ్ళు కలిపి చూసి, గేజి కూడా తీయకుండానే చెప్పారు: "ఇది మన బళ్ళ మర కాదండి. ఇది ఒక్కో చుట్టుకి రెండు మిల్లీమీటర్లు నడుస్తుంది, మీ బోల్టుది ఒకటిన్నర. బలవంతం చేస్తే క్రాంకు లోపల మర మొత్తం పోద్ది."

తర్వాత తీరిగ్గా చూస్తే ఆయన మాట అక్షరాలా నిజం. ఈ కిట్ అమెరికా వి8 ఇంజన్ల కోసం కూర్చినది. 16 మిల్లీమీటర్ల వ్యాసం, 2 మిల్లీమీటర్ల పిచ్ (అంటే ఒక్కో చుట్టుకు మర నడిచే దూరం) ఉన్న రాడ్డు జనరల్ మోటార్స్ వారి ఎల్ఎస్ ఇంజన్లకు; అంగుళంలో 16 వంతులకు 7 వంతుల వ్యాసం, అంగుళానికి 20 చుట్లు ఉన్నది పాత చిన్న బ్లాకు షెవర్లేలకు; 8 వంతులకు 5 వంతులు, 18 చుట్లు ఉన్నది ఫోర్డు వి8లకు. అంగుళాల మరలు మన క్రాంకుల్లో దొరకడం అరుదు; మిల్లీమీటర్ల మరల్లో కూడా మన దగ్గర కనిపించేవి ఎక్కువగా సన్న పిచ్‌వి, అంటే 12 మిల్లీమీటర్ల వ్యాసానికి 1.25 పిచ్; 14, 16 మిల్లీమీటర్లకు 1.5. వ్యాసం మాత్రం రాసి పిచ్ రాయకపోవడం అమ్మకందారు చేసిన పెద్ద లోపం. చీర రంగు చెప్పి పొడవు చెప్పనట్టుంది ఆ వివరణ. ఈ ఒక్క కారణానికే నేను ఈ కిట్‌కు ఐదు నక్షత్రాల్లో ఒకటిన్నర కోసేస్తున్నాను.

ఆటోనగర్ పెద్దాయన 700 రూపాయలకు కొత్త రాడ్డు చేసి ఇచ్చారు. ఒక కొసన నా బోల్టుకు సరిపడే సన్న మర, రెండో కొసన కిట్‌లోని నట్టుకు సరిపడే అంగుళాల మర. రెండు రకాల మరలనూ ఒకే కడ్డీ మీద, లేతు గేర్లు మార్చుకుంటూ, టీ తాగి వచ్చేంత సేపట్లో కోసేశారు. లోహం ఏది వేయాలని ఆయనే అడిగారు. మామూలు మైల్డ్ స్టీలు సాగుతుంది, ఈఎన్ 8 రకం ఉక్కు సరిపోవచ్చు, మళ్ళీ మళ్ళీ వాడాలనుకుంటే ఈఎన్ 24 వేయండి అన్నారు; ఈఎన్ 24 నికెల్, క్రోమియం, మాలిబ్డినం కలిసిన ఉక్కు, లాగుడు బలాన్ని బాగా ఓర్చుకుంటుంది. అదే వేయించాను. కిట్‌లోని అసలు రాడ్ల మీద వాటి బలం ఎంతో చెప్పే ఏ గ్రేడు గుర్తూ లేదు. ఊడదీసే బోల్టుల మీద కూడా లేదు. వాటిలో ఒకటి మొదటి పూటే వంగింది. 10.9 గ్రేడు ఉన్న రెండు 8 మిల్లీమీటర్ల బోల్టులు అక్కడే కొని వాటి స్థానంలో వాడాను. వంగిన బోల్టు ఫోటో పంపితే అమ్మకందారు మూడు రోజుల తర్వాత మరో బోల్టు పంపారు, అదీ గుర్తు లేనిదే.

ఊడదీసే పని గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. బ్యాటరీ నెగటివ్ వైరు తీసి, కూలెంట్ దించి, ఫ్యాను, బెల్టు, రేడియేటరు తప్పించాను. దించిన కూలెంట్‌ను ఒక డబ్బాలో పోసి మూత పెట్టండి. అది తియ్యగా ఉంటుంది, విషం, వీధి కుక్కలు నాకుతాయి. రేడియేటరు తీయాల్సి రావడం కూడా కొంత ఈ కిట్ పుణ్యమే, ఎందుకంటే రాడ్లు ఎనిమిది అంగుళాల పొడవున్నాయి, మా జీపులో పుల్లీకి రేడియేటరుకు మధ్య ఉన్న చోటు ఆరు అంగుళాలే. పలక పద్ధతి మాత్రం నిజంగా బాగుంది: పట్టు నడిమి భాగం మీదే ఉంటుంది కాబట్టి రబ్బరు మీద లాగుడు పడదు. మూడు కాళ్ళ పుల్లరుతో బయటి అంచు పట్టుకుని లాగితే బయటి చక్రం ఒక్కటే ఊడి చేతికి వచ్చి నడిమి భాగం క్రాంకు మీదే ఉండిపోయే ప్రమాదం ఉంది.

పుల్లీ బయటికి వచ్చాక తొందరపడి కొత్తది ఎక్కించకూడదు. క్రాంకు కొస దగ్గర ఇంజను ఆయిలు బయటికి కారకుండా ఆపే ఆయిల్ సీలు మార్చడానికి ఇంతకంటే మంచి సమయం రాదు. పాత పుల్లీ మెడ మీద సీలు పెదవి ఒరుసుకున్న చోట గోరుకు తగిలేంత గాడి పడింది. కొత్త పుల్లీ కొంటున్నాను కాబట్టి నాకు ఆ బెంగ లేదు, పాతదే తిరిగి వేసేవారు మాత్రం ఆ గాడి మీద సన్నని స్టీలు తొడుగు వేయించుకోవాలి, లేకపోతే కొత్త సీలు కూడా కారుతుంది. పుల్లీ కొనేటప్పుడు ఆటోనగర్‌లో ఒక దుకాణంవారు పాత పుల్లీకి కొత్త రబ్బరు వేయించిన సరుకును సగం ధరకు చూపించారు. రబ్బరు సరిగ్గా నడిమధ్యన కూర్చుందో లేదో చేత్తో చూసి తేల్చడం నాకు సాధ్యం కాదు కాబట్టి వద్దన్నాను. కొత్త దాని రంధ్రం, క్రాంకు కొస రెండూ మైక్రోమీటరుతో కొలిపించాను. రంధ్రం 35 మిల్లీమీటర్లకు 0.03 మిల్లీమీటర్లు బిగువుగా ఉంది. అంటే చేత్తో తోస్తే పోదు, పోకూడదు కూడా.

ఇక్కడ కిట్‌లో లేని ఒక సాయం తీసుకున్నాను: వేడినీళ్ళు. ఇనుము ఒక్కో డిగ్రీకి మీటరుకు సుమారు 11.5 మైక్రాన్లు సాగుతుంది. 35 మిల్లీమీటర్ల రంధ్రాన్ని 60 డిగ్రీలు వేడెక్కిస్తే 0.024 మిల్లీమీటర్లు పెరుగుతుంది. నా బిగువులో అది నాలుగింట మూడు వంతుల పైనే. గ్యాసు మంట పెడితే రబ్బరు కాలిపోతుంది, మరిగే నీళ్ళు మాత్రం వంద డిగ్రీలు దాటవు. పెద్ద గిన్నెలో పావుగంట ఉంచి, తీసి, పొడిగుడ్డతో తుడిచి, చేతి తొడుగులతో పట్టుకుని తెచ్చాను. ఆ గిన్నె మళ్ళీ వంటింట్లోకి రావడానికి వీల్లేదని తీర్పు వెలువడింది. ఇప్పుడది స్పేర్ పార్టులు కడిగే గిన్నె.

క్రాంకు కొసను సన్నని ఎమరీ కాగితంతో తుడిచి, ఆయిలు పూత రాసి, సీలు పెదవికి కొద్దిగా ఆయిలు అద్ది, కీ (పుల్లీ క్రాంకు మీద జారి తిరగకుండా పట్టి ఉంచే చిన్న ఇనుప ముక్క) కూర్చునే గాడిలో ఒక చుక్క సిలికాన్ వేశాను, ఎందుకంటే కొన్ని ఇంజన్లలో ఆయిలు సీలు దాటకపోయినా ఆ గాడి వెంట నడిచి బయటికి వస్తుంది. థ్రస్ట్ బేరింగు పొడిగా వచ్చింది, దానికి గ్రీజు నింపాను. రాడ్డు చేతితో 22 మిల్లీమీటర్ల లోతుకు దిగింది. వ్యాసానికి ఒకటిన్నర రెట్లకు కాస్త తక్కువ, నాకు చాలిన పట్టు. పుల్లీ గాడిని కీకి ఎదురుగా నిలిపి, రెండు చేతులతో నిటారుగా నొక్కి, నట్టు తిప్పడం మొదలుపెట్టాను. పుల్లీ 36 మిల్లీమీటర్లు లోపలికి పోవాలి. అంగుళానికి 16 చుట్ల మర మీద నట్టు ఒక్కో చుట్టుకు 1.6 మిల్లీమీటర్లకు కొంచెం తక్కువగా నడుస్తుంది, అంటే 23 చుట్లు. లెక్కపెడుతూ తిప్పాను. రాడ్డు వెనక కొసను ఒక స్పానరుతో పట్టి ఉంచి నట్టును మరో స్పానరుతో తిప్పాలి. లేకపోతే రాడ్డు కూడా తిరిగి క్రాంకు మర మీద రుద్దుకుంటుంది. మొదటి పదిహేను చుట్లు చెరుకు గానుగ తిప్పినట్టు ఒకే బరువుతో నడిచాయి, పుల్లీ చల్లారాక చివరి ఎనిమిదీ కొంచెం మొరాయించాయి. ఇరవైమూడో చుట్టు ముగిసేసరికి స్పానరు గోడకు తగిలినట్టు ఆగింది. అక్కడ ఆపాలి, ఇంకో అర చుట్టు బలవంతం చేయడం రాడ్డును సాగదీయడమే. సుత్తి ముట్టుకోలేదు. ఈ ఇరవై నిమిషాల పనితనానికి కిట్‌ను మెచ్చుకోక తప్పదు.

చివరి బిగింపుకు కిట్ ఏ విధంగానూ ఉపయోగపడదు, అది దాని తప్పు కాదు. రాడ్డు తీసేసి కొత్త బోల్టుకు మాన్యువల్ చెప్పిన 180 న్యూటన్ మీటర్లు పెట్టాలి. 60 సెంటీమీటర్ల పిడి చివర ముప్పై కిలోల పైచిలుకు బరువు వేలాడదీస్తే ఎంతో అంత. బజారులో సాధారణంగా దొరికే అర అంగుళం టార్క్ రెంచి 28 నుంచి 210 వరకు కొలుస్తుంది కాబట్టి నాకు సరిపోయింది, ఇంతకంటే ఎక్కువ అడిగే ఇంజన్లకు పెద్దది అద్దెకు తెచ్చుకోవాలి. క్రాంకు తిరిగిపోకుండా బండిని టాప్ గేరులో వేసి, హ్యాండ్ బ్రేకు లాగి, బావమరిదిని బ్రేకు పెడలు మీద కాలు వేసి కూర్చోమన్నాను. బోల్టు తీసేటప్పుడు స్టార్టరు ఒక్కసారి కొట్టి వదులు చేసే పద్ధతి కొందరు చెబుతారు. ఎగిరిన స్పానరు ఎటు వస్తుందో స్టార్టరుకు తెలియదు కాబట్టి నేను దాని జోలికి పోలేదు.

ఇక లెక్క. కిట్ 3,650, రాడ్డు 700, బోల్టులు, గ్రీజు కలిపి 150: మొత్తం 4,500 రూపాయలు, మెకానిక్ అడిగిన 1,500 కూలికి మూడు రెట్లు. డబ్బు మిగులుతుందని ఎవరైనా ఈ కిట్ కొంటే నిరాశ తప్పదు. ఒక్క బండికి ఒక్కసారి చేసుకునేవారు అసలు కిట్టే కొనకుండా, పాత క్రాంకు బోల్టును పట్టుకుని లేతు దగ్గరికి వెళ్ళి ఈఎన్ 24 రాడ్డు, నట్టు, మందపాటి వాషరు చేయించుకుని, విడిగా ఒక థ్రస్ట్ బేరింగు కొనుక్కుంటే ఆ ఖర్చులో మూడో వంతు కూడా కాదు, పైగా అది వాళ్ళ ఇంజనుకే సరిపడే పొడవుతో ఉంటుంది. రెండు మూడు పాత బళ్ళు ఉన్నవారికి, చిన్న వర్క్‌షాపు నడిపేవారికి మాత్రం ఊడదీసే పలక కోసమైనా పెట్టె విలువైనదే. కీ మీద చేత్తోనే జారి కూర్చునే పుల్లీ ఉన్న కార్లు మన దగ్గర చాలా ఉన్నాయి. వాళ్ళకు ఎక్కించే సరంజామా అవసరమే లేదు, కాబట్టి కొనే ముందు మీ బండి పుల్లీ ఏ రకమో అడిగి తెలుసుకోండి. బోల్టు పిచ్ కొలవకుండా మాత్రం ఎవరూ కొనవద్దు. మొత్తం మీద నేనిచ్చేది మూడు నక్షత్రాలు.

పుల్లీ వేసిన తర్వాత జీపు 1,800 కిలోమీటర్లు నడిచింది, అందులో మండు వేసవిలో శ్రీశైలం ఘాటు రోడ్డు కూడా ఉంది. కొత్త పుల్లీ మీద గీసిన తెల్ల గీత ఇంకా సూటిగానే ఉంది, సీలు దగ్గర చెమ్మ లేదు, బెల్టు కీచుమనలేదు. కిట్‌లోని థ్రస్ట్ బేరింగు విప్పి చూస్తే మాత్రం పళ్ళేల మీద గోళీల గుంటలు అప్పుడే పడి ఉన్నాయి. మరో బండికి వాడే ముందు దాన్ని మార్చాలి.